పుట్_లైన్ గారికి బహిరంగ లేఖ

ఒరాకిల్ డేటాబేస్ ప్రోగ్రాముల్లోంచి సందేశాలు తెర మీదకి పంపే కమాండు, మహారాజశ్రీ డీబీఎంఎస్_అవుట్‌పుట్.పుట్_లైన్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టం) ఒక్కటే క్షేమంగా లేదు.

మా టీములో మీ పదవికి మళ్లీ ఎసరు పెడుతున్నారు. ఒరాకిల్ స్టోర్డ్ ప్రొసీజర్లకు (డేటాబేస్‌లోనే ఉండి నడిచే ప్రోగ్రాములకు) సరైన డీబగ్గర్, అంటే ప్రోగ్రామును మధ్యలో ఆపి తప్పు వెతికే సాధనం, ఎంచుకోవాలని కమిటీ వేశారు. కమిటీ వెంటనే ఎక్సెల్ షీటు తెరిచింది. టోడ్, పీఎల్/ఎస్‌క్యూఎల్ డెవలపర్, ఎస్‌క్యూఎల్ డెవలపర్ ఒకవైపు. బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఆగాల్సిన చోటు), వాచ్ (వేరియబుల్ విలువ మీద నిఘా), డార్క్ థీమ్ ఇంకోవైపు. డార్క్ థీమ్ మీద చర్చ భోజనాల వేళ దాకా సాగింది. మీరేం బెంగపడకండి.

నిజానికి మిమ్మల్ని సాగనంపడానికి కారణాలు బోలెడు. ప్రొసీజర్ నడుస్తున్నంతసేపూ మీరు నోరు విప్పరు. అంతా బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) దాచుకుని, పని ముగిశాక ఒక్కసారిగా కుమ్మరిస్తారు, పంక్తి లేచాక పప్పు గిన్నె పట్టుకొచ్చినట్టు. నైట్ బ్యాచ్ ఏ లూప్‌లో ఇరుక్కుందో తెలియాల్సింది ఇరుక్కున్నప్పుడు కదండీ! సెట్ సర్వర్‌అవుట్‌పుట్ ఆన్ అనే కమాండు ఇవ్వకపోతే ఆ కుమ్మరింపు కూడా ఉండదు. ఒరాకిల్ 10జీ రిలీజ్ 2 రాకముందు మీ దర్జా ఇంకా ఎక్కువ. లైనుకి 255 బైట్లు దాటకూడదు. మామూలుగా బఫర్ 20,000 బైట్లు. అది నిండిందా, ఓఆర్‌యూ-10027 ఎర్రర్ అంటూ ప్రొసీజర్‌నే కూల్చేసేవారు. బగ్ పట్టుకోవడానికి పెట్టిన లైనే బగ్గు!

మీ చేత మేం పలికించే మాటలూ అలాంటివే లెండి. 'హియర్ 1', 'హియర్ 2', మధ్యలో ఇంకోటి దూర్చాల్సొస్తే 'హియర్ 1ఏ'. 'ట్యాక్స్:' పక్కన వేరియబుల్ తగిలిస్తే, అది నల్ (విలువే లేనిది) అయినప్పుడు 'ట్యాక్స్:' అని మాత్రం అని ఊరుకుంటారు. విలువ లేదా, మీకు చెప్పాలని లేదా? కలెక్షన్ (విలువల జాబితా) చూపించమంటే దానికో లూప్ రాయాలి. డీబగ్గర్‌లో అయితే ఆ లైను దగ్గర ఆపగానే నల్ అని కళ్లెదుటే కనిపిస్తుంది. లక్ష రికార్డుల్ని ఒక్కొక్కటిగా చదివే కర్సర్‌లో ఫలానా కస్టమర్ దగ్గరే ఆగమని షరతు కూడా పెట్టొచ్చు.

అయినా మీ కుర్చీ కదలదు, ఎందుకంటే అసలు గడులు ఆ షీటులో లేవు. ఎస్‌క్యూఎల్ డెవలపర్ ఉచితమే. కానీ జేడీడబ్ల్యూపీ అనే నెట్‌వర్క్ పద్ధతిలో డీబగ్ చేయాలంటే డేటాబేసే తిరిగి మన ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ అవ్వాలి. వీపీఎన్, ఫైర్‌వాల్ దాన్ని గుమ్మంలోనే ఆపేస్తాయి. ఒరాకిల్ 12సీ నుంచి దానికో ఏసీఎల్ (నెట్‌వర్క్ అనుమతుల జాబితా) కూడా కావాలి. డీబగ్ కనెక్ట్ సెషన్ అనుమతి అడిగితే మా డీబీఏ (డేటాబేస్ నిర్వాహకులు) గారు "టికెట్ వేయండి, చూద్దాం" అంటారు. పీఎల్/ఎస్‌క్యూఎల్ డెవలపర్ డీబీఎంఎస్_డీబగ్ అనే పాత ప్యాకేజీ దారిలో వెళ్తుంది కాబట్టి ఈ తిరుగు కనెక్షన్ గోల లేదు. లైసెన్స్ మాత్రం కొనాలి. అది ఫైనాన్స్ వాళ్ల 'చూద్దాం'.

పోయినసారి ఇవన్నీ గట్టెక్కాయి. మా వాడొకడు అప్‌డేట్ తర్వాతి లైనులో బ్రేక్‌పాయింట్ పెట్టి, ప్రొసీజర్‌ని అక్కడ ఆపి, టీకి వెళ్లాడు. కమిట్ కాని (మార్పు ఇంకా ఖాయం కాని) రో మీద లాక్ అలాగే ఉంది. అదే రో కోసం టెస్టర్ అమ్మాయి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. "సర్వర్ స్లో" అని అందరికీ మెయిల్ వెళ్లింది, డీబగ్గర్ అనుమతి రద్దయింది. సాయంత్రానికల్లా మీ పట్టాభిషేకం.

నాదొక్కటే విన్నపం. అటానమస్ ట్రాన్సాక్షన్‌తో (అసలు పనితో సంబంధం లేకుండా విడిగా కమిట్ అయ్యే లావాదేవీతో) రాసే లాగ్ టేబుల్ అని మీ పక్కింటాయన ఉన్నాడు. ప్రొసీజర్ నడుస్తుండగానే ఇంకో సెషన్‌లోంచి ఆయన్ని చూడొచ్చు. అసలు పని రోల్‌బ్యాక్ అయినా (వెనక్కి తిప్పేసినా) ఆయన రాసింది చెరగదు. అతన్ని కొంచెం రానివ్వండి. ఉంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక డెవలపర్

తా.క. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉన్న మీ తమ్ముడు ప్రింట్ గారికి శుభాకాంక్షలు చెప్పండి. 2019లో అక్కడి సాధనమైన మేనేజ్‌మెంట్ స్టూడియో 18 నుంచి డీబగ్గర్‌నే తీసేశారు, విజువల్ స్టూడియోకి వెళ్లమన్నారు. ఆయనకీ వెంటనే పలికే అలవాటు లేదు కనుక, అక్కడివాళ్లు సందేశాన్ని వెంటనే పంపే రైజ్‌ఎర్రర్ విత్ నోవెయిట్ వాడుతున్నారు. తప్పేమీ జరగలేదని చెప్పడానికి కూడా ఎర్రర్ అని పిలవాల్సిందే.