ఎనిమిదెకరాల్లో ఆడపిల్ల వాటా

(లా చదువుతున్న మేనకోడలికీ, దస్తావేజులు రాస్తూ మసీదు కమిటీలో కూడా ఉన్న మామయ్యకీ గుంటూరు వైపు జరిగిన వాదన.)

మేనకోడలు: మామయ్యా, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నాయన పోయాడనుకోండి. అప్పులు, ఖననం ఖర్చు, భార్యకి బాకీపడ్డ మహర్ (పెళ్లిలో మొగుడు ఆమెకి ఇస్తానన్న సొమ్ము) తీసేశాక ఎనిమిదెకరాలు మిగిలాయి. మన ముస్లిం వారసత్వ లెక్కలో భార్యకి ఎనిమిదో వంతు, ఎకరం. మిగతా ఏడులో కొడుక్కి మూడున్నర, కూతుళ్లకి తలా ఎకరం డెబ్బై అయిదు సెంట్లు. ఒక తండ్రి బిడ్డలకి ఈ తేడా ఏంటి?

మామయ్య: బరువు వాడిమీద ఉంది కాబట్టి. మహర్ ఇచ్చేది వాడు, ఇల్లు నడిపేది వాడు, తల్లిని చూసేది వాడు. నీ భూమి మీద నీ మొగుడికి కూడా హక్కుండదు. అసలు మనకి వారసత్వం మతధర్మం ప్రకారమే అన్న 1937 షరియత్ చట్టం సాగుభూమిని వదిలేసింది. 1949లో మద్రాసు వాళ్లు కలిపారు కాబట్టే మన వైపు పొలంలో కూడా ఈ లెక్క నడుస్తోంది.

మేనకోడలు: ఆ బరువు వాడు మొయ్యకపోతే?

మామయ్య: చట్టముంది. విడాకులైన ఆడదాన్ని, రేపు ఆమె ఆస్తికి వారసులయ్యే బంధువులే పోషించాలని ముస్లిం మహిళల విడాకుల మీద వచ్చిన 1986 చట్టం నాలుగో సెక్షను. వాళ్లకి స్తోమత లేకపోతే వక్ఫ్ బోర్డు. ఇది చెప్పలేదా మీ కాలేజీలో?

మేనకోడలు: చెప్పారు. పెళ్లికాని అక్కకీ, మొగుడు పోయిన చెల్లికీ ఆ సెక్షను పనికిరాదనీ చెప్పారు. సరే, రెండుకి ఒకటి సంగతి పక్కన పెట్టండి. కొడుకే లేని ఇల్లు తీసుకోండి. భార్య, ఒక్క కూతురు, పోయినాయన తమ్ముడు. భార్యకి ఎకరం, కూతురికి సగం అంటే నాలుగు, మిగిలిన మూడెకరాలు తమ్ముడికి. ఆ తమ్ముడు ఏ బరువు మోశాడని? వీలునామా రాసి ఆపుదామంటే మూడో వంతు దాటకూడదు. పైగా వారసురాలైన కూతురికే రాస్తే, ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలి. అంటే ఆ తమ్ముడే ఒప్పుకోవాలి! ఈ చిక్కు చూసే 2023 మార్చి 8న కేరళ కాసరగోడ్ జిల్లాలో సి. షుకూర్ అనే వకీలు, ముగ్గురు కూతుళ్ల తండ్రి, కట్టుకున్న భార్యనే ప్రత్యేక వివాహ చట్టం కింద మళ్లీ పెళ్లాడాడు. అలా రిజిస్టరైతే భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకి మూడో వంతు, మిగతాదంతా బిడ్డలకి సమానంగా. తమ్ముళ్లకి ఏమీ రాదు.

మామయ్య: దానికి మళ్లీ పెళ్లెందుకు? హిబా, అంటే బతికుండగానే దానం, చేస్తే సరి. ఇస్తున్నానని తండ్రి చెప్పాలి, పుచ్చుకున్నానని కూతురు అనాలి, స్వాధీనం అప్పగించాలి. రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదని 2011లో మన విశాఖ కేసులోనే సుప్రీంకోర్టు అంది.

మేనకోడలు: ఆ కేసులో హిబా ఎవరికి చేశారు? ఒక కొడుక్కి! పంపకం కోసం కోర్టుకెక్కింది మిగతా వారసులు. అయినా హిబా స్వాధీనం దగ్గరే చెడుతుందని మీకు తెలీదా? కాగితం రాస్తారు, కౌలు మాత్రం తండ్రే వసూలు చేసుకుంటాడు, పాసుపుస్తకంలో పేరు మారదు. ఆయన పోగానే బాబాయి వచ్చి స్వాధీనం ఇవ్వలేదంటాడు, హిబా పోతుంది. ఇచ్చిన రోజే కౌలుదారుని పిలిచి ఇకనుంచి నా కూతురికే కట్టమని సాక్షుల ముందు చెప్పాలి. చావు జబ్బులో మంచాన పడ్డాక ఇస్తే, దానికీ మూడో వంతు హద్దే.

మామయ్య: బాగానే చదివావు. మరి హిందూ ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని ఎన్టీఆర్ 1986లోనే చట్టం తెచ్చాడు, 2005లో దేశమంతా వచ్చింది. అన్నదమ్ములకి హక్కు విడుదల రాసిచ్చే వాళ్లలో హిందూ చెల్లెళ్లు లేరా? కోర్టుకి పోతే పుట్టిల్లు పోతుందన్న భయం ఏ చట్టంతో తీరుతుంది?

మేనకోడలు: తీరదు, ఒప్పుకుంటా. కానీ వాళ్లు అది దేవుడు పెట్టిన లెక్క అనడం లేదు. మనం అంటున్నాం. రెండుకి ఒకటి మారిస్తే దీన్ (మతధర్మం) పోతుందని ఊరేగింపు తీస్తాం. చెల్లెలి ఒకటిని సున్నా చేసి సంతకం పెట్టించుకుంటే జుమా ఖుత్బాలో, అంటే శుక్రవారం మసీదు ప్రసంగంలో, ఒక్క ముక్క రాదు.

మామయ్య: పెళ్లికి ఇచ్చాంగా అంటారు.

మేనకోడలు: తండ్రి బతికుండగా వారసత్వమే పుట్టదు. అప్పుడు వదులుకున్నానని రాసినా చెల్లదు.

మామయ్య: డబ్బు పుచ్చుకుని రాస్తే మళ్లీ అడగనివ్వరు. 1972లో గులాం అబ్బాస్ కేసు చూడు.

మేనకోడలు: చూశాను. ఇక్కడ పుచ్చుకుంది ఆమె కాదుగా, అల్లుడు! జోడేకి రఖం, అంటే పెళ్లికొడుక్కిచ్చే డబ్బు, ఆమె చేతికెప్పుడొచ్చింది?

మామయ్య: రఖం అడిగేది పెళ్లికొడుకు తల్లులే. మీ ఆడవాళ్లే.

మేనకోడలు: తల్లుల మీదికి నెట్టకండి. పెళ్లి పత్రం నికానామాలో మహర్ రాస్తారు, రఖం ఎందుకు రాయరు?

మామయ్య: 1961 చట్టం ప్రకారం మహర్ కట్నం కాదు, రఖం కట్నమే. రాస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

మేనకోడలు: అందుకే మహర్ బాకీ పెట్టి, రఖం ముందే లెక్కపెట్టుకుంటారన్నమాట. అయితే నికానామాలో ఇంకో గడి పెట్టించండి, పెళ్లికూతురు పుట్టింటి వాటా వదులుకోలేదని.

మామయ్య: ఖాజీ ఒప్పుకోడు.

మేనకోడలు: కమిటీలో ఉన్నది మీరే కదా మామయ్యా, అడిగారా ఎప్పుడైనా?