మడతకుర్చీ బ్లూస్

ఆరుబయట కచేరీ అంటే మా మిత్రుడికి గిటారు గుర్తొస్తుంది, నాకు కుర్చీ గుర్తొస్తుంది. గడ్డిలో కూర్చుంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావలసిన వయసు నాది. అందుకని ఆ రోజు అమెరికా నల్లవాళ్ల పాటలైన బ్లూస్ కచేరీకి మడతకుర్చీ చంకన పెట్టుకుని బయల్దేరాను. సంచిలో ఉన్నంతసేపూ అది చాలా బుద్ధిమంతురాలు.

వేదిక మీద ఒక్కడే మనిషి. పేరు చెప్పను. ఆయన నన్ను మరిచిపోయి ఉంటే మళ్లీ గుర్తుచెయ్యడం దేనికి? ఒళ్లో మామూలు గిటారు, ఎడమచేతి చిటికెనవేలికి గాజు గొట్టం. ఆ గొట్టాన్ని తీగల మీద జారిస్తే గిటారు మోగినట్టుండదు, పక్కగదిలో ఎవరో నోరు నొక్కుకుని ఏడ్చినట్టుంటుంది.

"దాన్ని స్లైడ్ అంటార్రా. పూర్వం సీసా మెడ విరగ్గొట్టి వేలికి తొడుక్కునేవారు" అన్నాడు మిత్రుడు నా చెవిలో. వీడు కచేరీకి వచ్చినా పాఠం మానడు.

మొదటి పాటలోనే నాకు అనుమానం వచ్చింది. ఆయన అన్న మాటే మళ్లీ అన్నాడు.

"పాపం, తర్వాతి చరణం మరిచిపోయాడ్రా."

"నీ మొహం. బ్లూస్ అంటేనే అంత. ఒక మాట రెండుసార్లు అంటాడు, మూడోసారి దానికి ముక్తాయింపు. మొత్తం పన్నెండు బార్లు, అంటే నాలుగేసి లెక్కల ఆవర్తాలు, మూడే కార్డ్స్."

నేను పేకముక్కలనుకున్నాను, కలిపి మోగించే స్వరాల గుత్తులట. వాడు పట్టించుకోలేదు. "ఒక్కో మాటకి నాలుగు బార్లు. పాట సగంలోనే అయిపోతుంది, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో గిటారు జవాబు చెబుతుంది. ఒక్కోసారి జనం కూడా చెబుతారు."

ఈ ఖాళీని మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

కాసేపటికి బ్యాండు వచ్చి చేరింది, ఆయన ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకున్నాడు. 1943లో మిసిసిపీ వదిలి షికాగో చేరిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్, అక్కడి క్లబ్బుల గోలలో మామూలు గిటారు వినపడకే దీన్ని పట్టాడట. ఇందాక నూతిలోంచి వచ్చినట్టున్న గొంతు ఇప్పుడు చంటిపిల్లాడి గొంతంత సన్నమైంది. ఒక పాటలో పోట్లాడాడు, ఒక పాటలో బతిమాలాడు, ఒక పాటలో బ్యాండు మొత్తాన్నీ గంతులేయించాడు. నలుగురు చెయ్యాల్సిన పని ఒక్కడే చేస్తుంటే నాకే ఆయాసం వచ్చింది.

జనం చప్పట్లు మొదలుపెట్టారు. నాలుగు లెక్కల్లో వాళ్లు రెండు, నాలుగు మీద కొడుతున్నారు. నా చేతులు మాత్రం ఒకటి, మూడు మీదే పడుతున్నాయి. అందరూ ఊపిరి పీల్చుకునే చోట నేనొక్కణ్ణే ఠాప్ ఠాప్‌మంటున్నాను. ముందువరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది, కోపంగా కాదు, జాలిగా. అదే ఎక్కువ బాధ.

"తప్పు నాది కాదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది. మనం వేదికకి 100 మీటర్ల దూరంలో ఉన్నాం. పాట నా దగ్గరికి వచ్చేసరికి 0.3 సెకన్లు ఆలస్యం" అన్నాను. బళ్లో చదివిన భౌతికశాస్త్రం అంతా ఈ ఒక్క బొంకుకే పనికొచ్చింది.

"అయితే ముందుకు పద" అన్నాడు వాడు.

కుర్చీ మడిచి, జనాన్ని తప్పించుకుంటూ వేదిక ముందుకి చేరాం. అప్పటికి నెమ్మదిపాట నడుస్తోంది. అందరూ కళ్లు మూసుకున్నారు. డ్రమ్ముల మనిషి కూడా పుల్లలు పక్కన పెట్టి, కుంచెలతో సుతారంగా రాస్తున్నాడు. నేను చప్పుడు చెయ్యకూడదని కుర్చీని సగమే తెరిచి, మిగతా సగం నా బరువే తెరుస్తుందిలే అని కూర్చున్నాను. తెరిచింది. రెండు గొట్టాలు కత్తెరలా కలిసే చోట నా ఎడమ చిటికెనవేలు ఉంది.

ఆయన మాట ముగించాడు. ఖాళీ వచ్చింది.

"అమ్మా!" అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. నన్ను చూసి, తల ఊపి, తీగని పైకి తోసి అచ్చం నేను అన్నట్టే గిటారు చేత "అ...మ్మా" అనిపించాడు. బ్లూ నోట్ అంటే అదేనట. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఇరుక్కుని, ఎటూ పోలేకుండా ఉంటుంది. దాని బాధ ఆ క్షణంలో నాకు తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు.

ఆ మాటే రెండోసారి రావాలి కదా, వచ్చింది. ఖాళీలో ఆయన నా వైపు చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే నేను వేలు లాక్కోబోయాను. "అమ్మా!" లెక్క వెంట్రుకవాసి తప్పలేదు. చప్పట్లు కొట్టడం చేతకానివాణ్ణి, ఏడవడంలో తాళజ్ఞానం ఉందని తేలింది. జనం ఈలలు వేశారు.

ఆయనకి ఉత్సాహం వచ్చింది. బ్లూస్ గిటారిస్టు బడ్డీ గైలాగా వాయిస్తూనే వేదిక దిగి, జనంలోంచి నా దగ్గరికి నడిచొచ్చాడు. అంత కళాకారుడు ఎదురుగా వస్తే కూర్చుని ఉండటం మర్యాద కాదు. లేచాను. కుర్చీ కూడా లేచింది. అది చూసి వెనకవాళ్లంతా లేచారు.

దగ్గరికొచ్చాక ఆయనకి సంగతి అర్థమైంది. పాట ఆపలేదు, కనుబొమ్మలతోనే ఇద్దరు కుర్రాళ్లకి సైగ చేశాడు. ఒకడు నన్ను పట్టుకున్నాడు, ఒకడు కుర్చీని. మూడోమాట అయింది, ముక్తాయింపు నడుస్తోంది, పన్నెండో బారులో వేలు బయటపడింది. హాయిగా "అమ్మయ్య" అన్నాను. ఆయన దాన్ని కూడా వాయించాడు.

ప్రథమచికిత్స డేరాలో చిటికెనవేలికి బద్ద కట్టి, దాని మీద లావుగా తెల్లటి కట్టు చుట్టారు.

"కుర్చీ అక్కడే ఉండిపోయిందిరా, తెస్తానుండు" అన్నాడు మిత్రుడు.

1949లో అర్కాన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో ఇద్దరి కొట్లాటలో ఒక డ్యాన్సు హాలు అంటుకుంటే, బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ తన గిటారు కోసం మంటల్లోకి మళ్లీ పరుగెత్తాడు. ఆ కొట్లాట లూసీల్ అనే అమ్మాయి కోసమని తెలిసి, గిటారుకి ఆ పేరే పెట్టుకున్నాడు. ఇది కూడా వాడు చెప్పిందే. కానీ ఆ కుర్చీ కోసం నేను మంటలు లేకపోయినా వెనక్కి వెళ్లను.

బయటికి వస్తుంటే గిటారు వీపున వేసుకున్న కుర్రాడొకడు ఎదురయ్యాడు. నా కట్టువేలు చూసి భక్తిగా ఆగిపోయాడు.

"మీరు కూడా స్లైడ్ వాయిస్తారా సార్?"

నేను వినయంగా తల దించుకునేలోపు మావాడు అందుకున్నాడు.

"లేదు బాబూ, కుర్చీ వాయిస్తాడు."