రోజుకు అరకిలో కొవ్వు కరగదు

విశాఖలో వాకింగ్ బృందాల్లో, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. 16 గంటలు ఉపవాసం ఉండి మిగిలిన 8 గంటల్లోనే తింటే రోజుకు అరకిలో కొవ్వు కరుగుతుందని, ఆ 8 గంటల్లో ఏం తిన్నా ఫరవాలేదని, ఈ పద్ధతికి నోబెల్ బహుమతి కూడా వచ్చిందని అందులో ఉంది. ఒక్కరోజు బరువు పెరిగినా పోయిన కొవ్వు తిరిగి చేరినట్టేనని, బరువు తగ్గడం ఆగితే ఉపవాసాన్ని 20 గంటలకు పెంచాలని, షుగర్ మాత్రలు కూడా మానేయవచ్చని సలహాలు ఇచ్చారు.

నేను డైటీషియన్‌ని. వేళ పెట్టుకుని తినడానికి నేను వ్యతిరేకిని కాను. రాత్రి పదింటికి టీవీ ముందు సాగే చిరుతిండిని అది చాలామంది చేత మాన్పించింది. నా కోపమంతా ఈ సందేశం మీదే. చక్కగా ముందుకు సాగుతున్నవాళ్ళకు ఓడిపోయామనే దిగులు పుట్టిస్తోంది కాబట్టి ఇందులోని ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

ముందుగా ఆ అరకిలో సంగతి. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. అరకిలో కరగాలంటే 3,850 కేలరీలు ఖర్చు కావాలి. ఇంటిపని, కాస్త నడక ఉన్న మనిషి ఒంటికి రోజు మొత్తంలో ఖర్చయ్యేది దాదాపు 2,000 కేలరీలు. అంటే పొద్దుట నుంచి మర్నాటి పొద్దుట దాకా మెతుకు ముట్టకపోయినా కరిగేది పావుకిలో. మరి ఒక పూట మాత్రమే మానేసి అరకిలో ఎలా కరుగుతుంది?

అయినా మొదటి వారంలో రెండు కిలోలు తగ్గినవాళ్ళు నిజంగానే ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మన కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు తోడుంటుంది. తిండి తగ్గగానే ఒళ్ళు ఈ నిల్వను వాడుకుంటుంది, నీరు మూత్రంలో పోతుంది. పేగుల్లో ఉండే ఆహారం కూడా తగ్గుతుంది. అన్నీ కలిసి కిలో, రెండు కిలోలు చూస్తుండగానే దిగిపోతాయి. మూడో వారానికి ఈ నీటి లెక్క ముగుస్తుంది, అప్పటి నుంచి కనిపించేది అసలైన కొవ్వు తగ్గుదల. అది ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటుంది. చాలామంది సరిగ్గా అక్కడే నిరాశపడి మానేస్తున్నారు.

ఇక ఒక్కరోజులో కిలో పెరిగితే కిలో కొవ్వు చేరినట్టేనన్న మాట. ఇదే అన్నిటికన్నా ఎక్కువ మందిని ఏడిపిస్తోంది. కిలో కొవ్వు చేరాలంటే, రోజూ ఒంటికి కావలసిన తిండి తిన్నాక, దాని మీద ఇంకో 7,700 కేలరీలు తినాలి. కప్పు అన్నానికి 200 కేలరీలు వేసుకుంటే 38 కప్పులు దాటుతుంది. ఏ పెళ్ళిభోజనంలోనూ ఎవరూ అంత తినరు. మరి పెరిగిందేమిటి? ఎక్కువ భాగం నీరు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లోని ద్రవాల్లోనూ ఇంచుమించు అదే పాళ్ళలో ఉంటుంది. ఎండుచేపల కూర, ఆవకాయ, అప్పడాలు కలిసిన ఒక్క భోజనంలో మామూలుకన్నా నాలుగైదు గ్రాముల ఉప్పు ఎక్కువగా లోపలికి వెళితే, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేదాకా అర లీటరు నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్త్రీలకైతే నెలసరికి ముందు రోజుల్లో కిలో దాకా నీరు చేరడం మామూలే. మలబద్ధకం ఉన్నా అంతే.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేసివచ్చినవాళ్ళు దీనికి మంచి ఉదాహరణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కొందరు ఉపవాసంతోనే నడుస్తారు. రెండో రోజు మిషన్ ఎక్కి చూస్తే బరువు పెరిగి ఉంటుంది! అలవాటు లేని నడకకు కండరాల్లో సూక్ష్మంగా దెబ్బతిన్న చోట వాపు వస్తుంది, వాపులో నీరు చేరుతుంది. దారి పొడవునా భక్తులకు పంచే పులిహోర, మజ్జిగలోని ఉప్పు సంగతి సరేసరి. నాలుగైదు రోజుల్లో అదంతా దిగిపోతుంది. ఆ నాలుగైదు రోజులూ ఎంత కుమిలిపోతారో నేను చూస్తూనే ఉన్నాను. కొత్తగా జిమ్‌లో చేరినవాళ్ళకూ ఇదే జరుగుతుంది. ఇక వేసవిలో బీచ్ రోడ్డు మీద గంట నడిచి, చొక్కా పిండితే చెమట కారే స్థితిలో బరువు చూసుకుని ముప్పావు కిలో తగ్గిందని సంబరపడటం ఇదే పొరపాటుకు మరో వైపు. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగితే అందులో సగానికి పైగా తిరిగి వస్తుంది.

గాజువాక నుంచి ఒకావిడ రూళ్ళ నోటుపుస్తకం పట్టుకుని వచ్చారు. రోజూ ఉదయం బరువు రాశారు, పెరిగిన రోజులను ఎర్ర సిరాతో. "మూడు వారాలు కడుపు మాడ్చుకున్నాను మేడం, అరకిలో పెరిగాను" అంటూ రెండు అంకెల మీద వేలు పెట్టారు: మొదటి వారం బుధవారం 78.1, నాలుగో వారం మంగళవారం 78.6. ఆ రెండే చూస్తే ఆవిడ మాట నిజం. నేను వారం మొత్తాన్ని కూడమన్నాను. మొదటి వారం 78.4, 78.9, 78.1, 78.6, 79.3, 78.5, 78.2, సగటు 78.6. నాలుగో వారం 77.9, 78.6, 77.6, 77.8, 78.4, 77.5, 77.7, సగటు 77.9. మూడు వారాల్లో ఆరు వందల గ్రాములకు పైగా తగ్గారు. అంటే రోజుకు సుమారు 235 కేలరీల లోటు, ఇంచుమించు కప్పు అన్నం. ఆవిడ నిజంగా మానేసింది కూడా రాత్రిపూట ఆ కప్పు అన్నమే. చేసిన పనికి సరిపడా ఫలితం నోటుపుస్తకంలోనే ఉంది, ఎర్ర సిరా దాన్ని కప్పేసింది.

అందుకే నేను అందరికీ చెప్పేది: ఉదయం కాలకృత్యాలు తీరాక, ఏమీ తాగకముందు, ఒకే మిషన్ మీద తూచుకోండి. ఏడు రోజుల సగటును ముందు వారాల సగటుతో పోల్చండి. స్త్రీలు ఈ వారం సగటును, నెలసరి లెక్కన పోయిన నెలలో అదే వారం సగటుతో పోల్చడం ఇంకా మేలు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు మారేవాళ్ళు గడియారం చూడకుండా, పెద్ద నిద్ర లేచాక తూచుకోవాలి. రోజూ అంకె చూస్తే మనసు పాడయ్యేవాళ్ళు మిషన్ జోలికి పోకుండా, రెండు వారాలకోసారి టేపుతో నడుము కొలుచుకుంటే చాలు. మన దేశంలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు.

ఆ 8 గంటల్లో ఏం తిన్నా ఫరవాలేదన్న మాటను పరీక్షించి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, తిండి మీద ఏ ఆంక్షా పెట్టకుండా 12 వారాలు 16 గంటల ఉపవాసం చేయించారు. తగ్గిన బరువు సగటున 0.94 కిలోలు. మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్ళు కూడా 0.68 కిలోలు తగ్గారు, ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందిపై ఏడాది పాటు జరిపిన మరో అధ్యయనం 2022లో వచ్చింది. కేలరీలు తగ్గించి, 8 గంటల్లోనే తిన్నవాళ్ళు సగటున 8 కిలోలు తగ్గారు. వేళ నియమం లేకుండా అన్నే కేలరీలకు దిగినవాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. ఇక్కడా తేడా గట్టిగా చెప్పుకోదగ్గది కాదు. అంటే పనిచేస్తున్నది కేలరీల తగ్గింపు. వేళ నియమం అందుకు ఒక సాయం. ఆ 8 కిలోలను 52 వారాలకు పంచి చూడండి. వారానికి 150 గ్రాములు. నిపుణుల పర్యవేక్షణలో, తిన్నదంతా రాసుకుంటూ చేసినవాళ్ళ సగటు అది. గాజువాక ఆవిడ వారానికి 200 గ్రాములు తగ్గి తనను తాను తిట్టుకుంటున్నారు.

నోబెల్ మాట తేల్చడానికి ఎక్కువసేపు పట్టదు. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి వైద్య నోబెల్ వచ్చింది. కణాలు తమలోని పాత భాగాలను ఎలా విడగొట్టి తిరిగి వాడుకుంటాయో ఆయన ఈస్ట్ కణాల్లో కనిపెట్టారు. బరువు తగ్గడానికి ఏ ఉపవాస పద్ధతికీ ఆ బహుమతి ఇవ్వలేదు.

ఉపవాసాన్ని 20 గంటలకు పెంచమనే సలహా నన్ను భయపెడుతుంది. బరువు తగ్గినకొద్దీ ఒంటికి కావలసిన శక్తీ తగ్గుతుంది, తెలియకుండానే కదలికలూ తగ్గుతాయి, కాబట్టి వేగం మందగించడం సహజం. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు నెలల తరబడి తిండి బాగా తగ్గించి గమనించారు. వాళ్ళ నాడి మందగించింది, ఎప్పుడూ చలివేసేది, తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది, కాళ్ళకు నీరు పట్టింది. కొవ్వు పోతున్నా ఆ నీరు బరువును నిలబెట్టింది. గంటలు పెంచి ఒంటిని ఇంకా మాడిస్తే ఆ దారినే పోతాం, లేదా 21వ గంటలో చేతికందింది తింటాం. సగటు నాలుగైదు వారాలు కదలకపోతే ముందు పళ్ళెంలోకి చూడాలి: వేపుడులో నూనె, కాఫీల్లో పంచదార, పప్పు, గుడ్డు, చేప తగినంత ఉన్నాయా లేదా.

చివరిది షుగర్ మాత్రలు మానేయమనడం. ఇందులో ప్రాణాపాయం ఉంది. బరువు తగ్గితే మందు తగ్గవచ్చు, కానీ అది రక్తపరీక్ష చూసి డాక్టరు తగ్గించాలి. మందు మార్చకుండా ఉపవాసం మొదలుపెట్టడమూ అంతే ప్రమాదం. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు భోజనం ఆలస్యమైనా మందు తన పని తాను చేస్తుంది, చక్కెర పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళు ఎక్కువసేపు కడుపు మాడ్చుకుంటే, చక్కెర మరీ పెరగకపోయినా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి విషమించే అవకాశం ఉంది. గర్భిణులు, బాలింతలు ఈ ఉపవాసం చేయకూడదు. షుగర్ మందు వాడుతూ ఇప్పటికే చేస్తున్నవాళ్ళకు చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని వెంటనే తాగాలి, పావుగంటలో చక్కెర మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం ముగిసే వేళ ఇంకా కాలేదని ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.