ఆ చేప మీద పిల్లాణ్ని కూర్చోబెట్టారు

ఇప్పుడే మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. చెన్నైలోనే ఏదో రేవు. తడి సిమెంటు నేల మీద మనిషి కంటే పొడుగున్న చేప, దాని వీపు మీద ఒక పిల్లాడు, చుట్టూ ఫోన్లు. కింద వరసగా మెసేజ్‌లు. "కిలో ఎంతట?" "తలకాయ పులుసు పెడితే మన బ్లాకు మొత్తానికి సరిపోతుంది బావా!" ఒళ్లు మండిపోయింది. అది ఏం చేపో ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు.

గుండ్రటి తోక, రెక్కల నిండా నల్ల చుక్కలు, అంత పెద్ద తలకి చిన్న చిన్న కళ్లు. అది జెయింట్ గ్రూపర్. ఇక్కడి మార్కెట్లో కళవా అని కొనుక్కుంటామే, ఆ కుటుంబంలో అన్నిటికంటే పెద్ద వాటిలో ఒకటి. 2.7 మీటర్ల పొడవు, 400 కిలోల బరువు దాకా పెరుగుతుంది. ఎర్ర సముద్రం నుంచి హవాయి దాకా ఉంటుంది కానీ ఎక్కడా గుంపులుగా కనిపించదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాళ్లు దీన్ని తమ రాష్ట్ర జలచిహ్నంగా పెట్టుకున్నారు, పట్టుకోవడం నిషేధించారు. మన దగ్గర కూడా 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. చచ్చిన పులి మీద పిల్లాణ్ని కూర్చోబెట్టిన వీడియో వస్తే ఇలాగే మసాలా గురించి మాట్లాడతారా?

జాలరిని నేను ఒక్క మాట అనను. వలలో ఏం పడుతుందో పైకి లాగేదాకా అతనికి తెలీదు. పైగా అది అతని కూడు. నా కోపమంతా ఏసీ గదిలో కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్ల మీద. జనవరి దాటితే బెసెంట్ నగర్ బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్లి, తాబేళ్లని కాపాడాలని స్టేటస్ పెట్టేది వీళ్లే. తాబేలు పిల్ల ముద్దుగా ఉంటుంది కాబట్టి కాపాడాలి, ఈ చేప మొహం బాగోదు కాబట్టి కోసుకోవాలి. ఇంతే వీళ్ల లెక్క.

అసలు అది ఎలా బతుకుతుందో తెలుసా? వెంటాడి వేటాడదు. రాతి గుహలోనో, మునిగిపోయిన ఓడలోనో కాపు కాసి, ఎర దగ్గరకొచ్చాక ఒక్కసారి నోరు తెరుస్తుంది. నీటితో పాటు పెద్ద రొయ్యో, పీతో, చిన్న సొరచేపో లోపలికి పోతుంది. నమలడం లేదు, గుటుక్కున మింగడమే. చిన్నప్పుడు పసుపు, నలుపు మచ్చలతో ఎంత అందంగా ఉంటుందో! పెరిగేకొద్దీ బూడిద రంగులోకి తిరుగుతుంది. గ్రూపర్లలో చాలా జాతులు ముందు ఆడవిగా పెరిగి, పెద్దయ్యాక కొన్ని మగవిగా మారతాయి. అంటే పెద్ద చేపల్నే ఏరి పట్టుకుంటూ పోతే మగవే మిగలవు. గుడ్లు పెట్టే ఆడవి ఎన్ని ఉండి ఏం లాభం? "సముద్రంలో చేపలకి కరువా" అని ఒకాయన రాశారు. ఉందండీ, ఇలాంటి వాటికి కరువే.

దీని పిల్లలు నదులు సముద్రంలో కలిసే చోట్ల కూడా పెరుగుతాయి. అలాంటి చోటు మన చెన్నై పక్కనే ఒకటి ఉంది, ఎన్నూరు. దాన్ని ఏం చేశామో అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి బొగ్గు బూడిద. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు చమురు వచ్చి మడ చెట్లకీ, పడవలకీ, వలలకీ నల్లగా పట్టేసింది. పెలికాన్ల రెక్కలు కూడా జిడ్డోడాయి. బురదలో చేతులు పెట్టి రొయ్యలు ఏరుకునేవాళ్ల పని ఏమైందో ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో ఆ పెలికాన్ల ఫోటోలు ఇదే వాట్సాప్‌లో పెట్టాను. "ఇది పండగలకీ, ఫంక్షన్లకీ పెట్టుకున్న గ్రూప్ అండీ, ఇలాంటివి వద్దు" అని అడ్మిన్ గారు గంటలోపే తీసేశారు. ఒక్కరూ కాదనలేదు. ఈ వీడియో మాత్రం ఇంకా అలాగే ఉంది, దాని కింద ఆయనే మూడు దండాలు పెట్టారు.