ఐస్‌లాండ్ సంగీతానికి మంచుకొండలు ఒక్కటే కారణం కాదు

హిమానీనదాలు, అగ్నిపర్వతాలు, శీతాకాలపు చీకటి కలిసి ఐస్‌లాండ్ ఆధునిక సంగీతాన్ని పుట్టించాయని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. ఆ పాటలను ప్రాణంగా ప్రేమించే శ్రోతగా చెబుతున్నాను, మంచూ చీకటీ ఉన్న దేశాలు ఇంకా చాలా ఉన్నాయి. జనాభా నాలుగు లక్షలు కూడా లేని చోట ఇంతమంది సంగీతకారులు తయారయ్యారంటే, ప్రభుత్వ నిధులతో నడిచే సంగీత పాఠశాలల గురించి మాట్లాడకుండా ఎలా? 'జోకర్' సినిమా సంగీతానికి 2020లో ఆస్కార్ అందుకున్న హిల్దుర్ గుడ్నదోత్తిర్ ఐదేళ్ల వయసులోనే చెల్లో (వయోలిన్ కుటుంబానికి చెందిన పెద్ద తీగవాద్యం) పట్టుకున్నారు. ఐస్‌లాండ్ రాక్ బృందం సిగుర్ రోస్ పాటల్లో మనల్ని కదిలించే తీగవాద్యాలు వాయించిన ఆమీనా బృందం అమ్మాయిలు రాజధాని రేక్యావిక్‌లోని సంగీత కళాశాలలో కలిసి చదువుకున్నవారే. ఇక పియానో స్వరకర్త ఓలావుర్ ఆర్నాల్డ్స్ మొదట హోరెత్తించే హార్డ్‌కోర్ రాక్ బృందాల్లో డ్రమ్ములు వాయించారు! అదే మనిషి 2011లో తన ఇంటి హాల్లో కూర్చుని వారం రోజుల పాటు రోజుకో పాట చొప్పున రికార్డు చేశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆయన పియానో వినండి, పియానో లోపలి మెత్తటి సుత్తి తీగను తాకే చప్పుడు కూడా స్వరంతో పాటే వినిపిస్తుంది. ఆ దగ్గరితనానికీ అగ్నిపర్వతాలకూ సంబంధమేమిటి? సిగుర్ రోస్ 2006లో ఊరూరా తిరిగి ఉచిత కచేరీలు చేసినప్పుడు ఆ నేల అందం పాటల్లో కలిసిపోయిన మాట నిజమే, కాదనను. కానీ ఆ బృందం గాయకుడు యోన్సి ఎలక్ట్రిక్ గిటార్‌ను చెల్లో కమానుతో వాయించి ఆ పొడవాటి నాదాన్ని రాబట్టడం మాత్రం మనిషి సాధనే. వ్యాసంలో ఆ సాధనకు, దాన్ని నేర్పిన గురువులకు ఒక పేరా అయినా దక్కాల్సింది.