పాత చీరకు పాసుపుస్తకం

ఈ రాష్ట్రంలో సెంటు భూమికి కూడా అడంగల్ ఉంది, 1-బి ఉంది, ఈసీ ఉంది. ఎవరు కొన్నారు, ఎవరికి అమ్మారు, ఏ బ్యాంకులో తాకట్టు పెట్టారు అన్నీ మీసేవకు పోయి కాగితం తీసుకోవచ్చు. అదే ఐదున్నర మీటర్ల చీర రాత్రికి రాత్రి రెండు గౌన్లు, ఒక దిండు గలీబు, నాలుగు మసిగుడ్డలుగా సబ్ డివిజన్ అయిపోతే అడిగే నాథుడు లేడు. నోటీసు లేదు, హద్దులు చూపించడం లేదు, సాక్షి సంతకం లేదు. వేసవి సెలవులు వచ్చాయంటే నెల్లూరు జిల్లాలో ఈ అనుమతి లేని లేఅవుట్లు మరీ పెరిగిపోతాయి. కాబట్టి ఇళ్ళల్లో ఉన్న పాత బట్టలన్నిటికీ రీసర్వే జరిపించి, ఒక్కోదానికి పట్టాదారు పాసుపుస్తకం ఇవ్వాలని జిల్లా యంత్రాంగాన్ని సవినయంగా కోరుతున్నాను.

దీనికంతటికీ మూలం కుట్టుమిషన్. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. తన హక్కును అంత భద్రంగా కాగితం మీద పెట్టించుకున్న పెద్దమనిషి, ఆ మిషన్ సూది కిందికి వచ్చే గుడ్డల హక్కుల గురించి ఒక్క ముక్క కూడా రాయించలేదు. మన ప్రభుత్వమూ అంతే. 2025 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, మార్కాపురం సభలో లక్ష మందికి పైగా మహిళలకు కుట్టు శిక్షణ ఇచ్చే పథకం మొదలుపెట్టారు. శిక్షణ మంచిదే, కాదనను. నేర్చుకున్నాక ప్రాక్టీసు దేని మీద చేస్తారన్నదే నా ప్రశ్న. కొత్త గుడ్డ మీద ఎవరూ చేయరు. బీరువాలో రెండో అరలో మడత పెట్టి ఉన్న లుంగీకి ఆ సభలో ఎవరైనా అభయం ఇచ్చారా?

ఎదురు తిరగండి అని కొందరు సలహా ఇస్తారు. వాళ్ళకు జిల్లా చరిత్ర తెలియదు. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన గొడవకు సారా వేలంపాటలే ఆగిపోయాయి. కాంట్రాక్టర్లు నిలబడలేకపోయిన చోట ఒక లుంగీ యజమాని నిలబడగలడా? అందుకే మనకు చట్టం కావాలి.

చట్టంలో ముందు ఉండవలసింది నిషేధిత జాబితా. అమ్మడానికి వీల్లేని భూములకు 22ఏ జాబితా ఉన్నట్టే బట్టలకూ ఉండాలి. పెళ్ళినాటి పట్టుచీర అందులో మొదటి నంబరు. అత్తగారి వెంకటగిరి జరీచీర రెండో నంబరు. అంత సన్నని నేతను చూడగానే పాపకు గౌను భలే ఉంటుందన్న ఆలోచన రావడం సహజమే, కానీ ఆలోచన వచ్చిన మరుక్షణం అత్తగారి ముఖం గుర్తొచ్చేలా చట్టంలో ఏర్పాటు ఉండాలి. ఇక్కడ పరిధి సమస్య ఒకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది, చీరాల బాపట్ల జిల్లాలోకి పోయింది, కందుకూరు అప్పట్లో ప్రకాశం వదిలి నెల్లూరులోకి వచ్చింది. చీరాల చీర కట్టుకుని కందుకూరులో కూర్చున్న ఇల్లాలు కూర్చున్న చోటి నుంచి కదలకుండానే, ఆమె ఒక జిల్లాకు, ఒంటి మీది చీర ఇంకో జిల్లాకు చెందిపోయాయి. ఆ చీరను కత్తిరిస్తే ఫిర్యాదు ఏ కలెక్టరేట్‌లో ఇవ్వాలి?

రెండోది చుక్కల బట్టల సంగతి. మన వైపు వాళ్ళకు చుక్కల భూములంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బ్రిటిష్ కాలం నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేస్తే, ఆ చుక్కల వల్ల తరతరాల వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2023 మేలో కావలిలో సభ పెట్టి మరీ ఆ భూములను నిషేధిత జాబితా నుంచి తీసేశామన్నారు. ప్రతి ఇంటి అటక మీద ఒక మూట ఉంటుంది చూశారా, అందులో ఉన్నవన్నీ చుక్కల బట్టలే. పచ్చ అంచు చీర పెద్దమ్మదా పిన్నిదా? ఆ నిక్కరు ఏ మేనల్లుడిది? ఎవరూ చెప్పలేరు. మూట విప్పి ఒక్క ముక్క కత్తిరించి చూడండి. అరగంటలో ముగ్గురు వారసులు ఫోన్ చేస్తారు. కత్తిరించకుండా ఉంచితే ఎలుకలు కొట్టేదాకా ఒక్కరూ అడగరు.

ఇక కొలతల్లో జరుగుతున్న అక్రమాలు. వీటి గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే బాధితులు నోరులేని పిల్లలు. ఇంటి కుట్టులో మొదటి పాఠం, సరిపోతున్న పాత గౌనును గుడ్డ మీద పరిచి, చుట్టూ చాక్‌తో గీసి, కుట్టుకు కాస్త వదిలి కత్తిరించడం. పద్ధతి మంచిదే. చాలామంది ఆ గీత మీదే కత్తిరిస్తారు. కుట్టాక గౌను రెండు వైపులా లోపలికి పోతుంది, పిల్ల మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. హద్దురాయి పక్కవాడి పొలంలోకి జరిగితే కోర్టుకు పోయే జాతి, బిడ్డ చంకల దగ్గర అర అంగుళం జరిగితే ‘చేతులు పైకెత్తకుండా ఆడుకో తల్లీ’ అంటుంది.

మెడ సంగతి ఇంకా ఘోరం. మెడ చుట్టూ టేపు పెట్టి చక్కగా కొలుస్తారు, చక్కగా గుండ్రంగా కత్తిరిస్తారు, చక్కగా పైపింగ్ వేస్తారు. తొడగబోతే తల పట్టదు. నాలుగేళ్ళ పిల్లకు తల చుట్టుకొలత దాదాపు యాభై సెంటీమీటర్లు ఉంటుంది, మెడ అందులో సగానికి కాస్త ఎక్కువ. గౌను మెడలో ఉండాలన్నది నిజమే గాని, అక్కడికి తల మీదుగా రావాలన్న సంగతి కొలిచేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. వెనక నిలువుగా చీలిక ఇచ్చి ఒక గుండీ పెడితే ఇంత రభస ఉండదు. మన ఇళ్ళల్లో గుండీ పెట్టరు, పిల్లను గౌనులోకి నొక్కుతారు. ఆ పిల్ల లోపల నుంచి పెట్టే కేకలకు పక్కింటి వాళ్ళు గోడ మీదుగా తొంగిచూస్తే, ‘కొత్త గౌనమ్మా, సంబరం’ అని జవాబు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే పాత నూలు చీర మీద మాత్రం కేసు నిలవదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి గంజి పోయి, విడిరంగు పోయి, ముడుచుకోవలసినంతా ముడుచుకుపోయి ఉంటుంది. కుట్టాక కుదించుకుపోతుందన్న భయం లేదు, పక్క బట్టకు రంగు అంటుతుందన్న బాధ లేదు. మే నెలలో నెల్లూరులో, గాలి అనేది కరెంటు మీద మాత్రమే ఆధారపడి ఉన్న మధ్యాహ్నం పూట, పసిబిడ్డ ఒంటికి అంతకన్నా హాయి గుడ్డ దుకాణంలో దొరకదు. దుకాణంలో తళతళలాడే గౌను చాలావరకు పాలియెస్టరు, పైన వల, లోపల గరుకు లైనింగు. ఫొటోలో పిల్ల బాగుంటుంది, ఫొటో అయ్యాక గోక్కుంటుంది. కాకపోతే చీరంతా ఒకే సారవంతమైన నేల కాదు. కూర్చునే చోట, కుచ్చిళ్ళ కింది అంచున గుడ్డ జీర్ణించిపోయి ఉంటుంది. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే తెలుస్తుంది, బొటనవేళ్ళతో అటూ ఇటూ లాగితే ఇంకా బాగా తెలుస్తుంది. సాగు యోగ్యమైనదంతా కొంగు వైపు ఉంటుంది. అది గౌనుకు, మిగతాది పొత్తిగుడ్డలకు. ఉయ్యాలకు మాత్రం గట్టి వైపే కట్టండి. చట్టం రాకముందే చెబుతున్నాను.

మగవాళ్ళ ఆస్తుల విషయంలో నాకు వ్యక్తిగత ప్రయోజనం ఉందని విమర్శకులు అనవచ్చు. ఉంది. మగవాడి చొక్కాలో ముందు పోయేది కాలరు. ఒకప్పుడు దర్జీ దగ్గరికి పోతే ఆ కాలరు విప్పి, తిరగేసి కుట్టి ఇచ్చేవాడు. చొక్కాకు ఇంకో రెండేళ్ళ ఆయుష్షు. ఇప్పుడు కాలరు అరిగిందంటే మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చేస్తున్నారు. కాలరు, చేతులు తీసేసి, చొక్కాను వెనక్కి తిప్పి, గుండీల పట్టీ వీపు వైపు వచ్చేలా పాపకు గౌను చేసేస్తున్నారు. కాజాలు కుట్టే పని కూడా లేదు, అవి తయారుగానే ఉన్నాయి. తెలివిని మెచ్చుకోవాలి, యజమాని ముందు కాకుండా.

ఇలాంటి ఒక చొక్కా విషయంలో నేను అభ్యంతరం దాఖలు చేస్తే మా అమ్మ విచారణ జరిపింది. ‘ఏందిరా అబ్బయా, ఆ చొక్కా నీకు గుండీలు పట్టి ఎన్నేళ్ళయిందో రొంత చెప్పు ముందు’ అంది. ఇది అసలు వివాదానికి సంబంధం లేని ప్రశ్న. పరుల ఆస్తిని 12 ఏళ్ళు బహిరంగంగా అనుభవిస్తే అనుభవ హక్కు వస్తుందని చట్టం అంటుంది గాని, తొడుక్కోకపోతే సొంత ఆస్తి పోతుందని ఎక్కడా లేదు.

ఆదా అనే వాదన మీద ఎక్కువ సమయం వృథా చేయను. రూపాయి పెట్టకుండా పాత చీరతో పరికిణీ అని మొదలవుతుంది. పరికిణీ కుచ్చు నిండుగా రావాలంటే నడుముకు రెండున్నర రెట్లు గుడ్డ కావాలి, అది చీరలో ఉంది. లేనివి ఎలాస్టిక్, మ్యాచింగ్ దారం, లేసు, లైనింగు. వాటి కోసం చిన్నబజారుకు ఆటో. చిన్నబజారుకు పోయి లేసు మాత్రమే కొనుక్కుని ఇంటికి వచ్చిన మనిషిని ఈ జిల్లా ఇంకా కనలేదు. తర్వాత పాత జీన్సుతో స్కూలు సంచి అని ఇంకో ప్రాజెక్టు. పల్చని గుడ్డకు పెట్టిన పదకొండో నంబరు సూదితోనే జీన్సు మడత మీదికి పోతారు. సూది ఫట్. పదహారో నంబరు సూది కోసం మళ్ళీ ఆటో. మధ్యలో నష్టపోయినవాడు పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చే మనిషి. వీధిలో అరిచి అరిచి, గిన్నెలు తలకెత్తుకుని వెళ్ళిపోతున్నాడు.

పిల్లలకు అసలు ఓటే లేదు. ‘పెరిగే పిల్ల కదా’ అన్న ఒక్క మాటతో ఏ కొలతకైనా ఆమోదముద్ర పడిపోతుంది. పరికిణీ కింద రెండు మూడు మడతలు పెట్టి కుట్టి, ఏటా ఒకటి విప్పుతారు. విప్పిన చోట వెలవని రంగు గీత ఒకటి కనిపిస్తుంది. ఏటేటా జరిగిన జమాబందీ, అంటే ఏడాది లెక్కల తనిఖీ, అంతా ఆ అంచు మీద నమోదై ఉంటుంది, తహసీల్దారు కూడా అంత శుభ్రంగా రాయడు. అక్కకు అయ్యాక చెల్లెలికి మ్యుటేషన్, దరఖాస్తు కూడా అక్కర్లేదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, చదువు రొట్టె అన్నీ ఇచ్చిపుచ్చుకుంటారు కదా. మా వీధిలో రెండో సంతానంగా పుట్టిన ఒక పిల్ల ‘కొట్టులో గౌను రొట్టె ఎక్కడిస్తారు?’ అని వాళ్ళ నాన్నను నిలదీసిందట. ఆయన పిల్లను ఎత్తుకుని త్వరగా బయటికి వచ్చేశాడట.

ఆ పిల్లకే తర్వాత ఇంట్లో కుట్టిన గౌనుకు జేబు పెట్టారు. దుకాణాల్లో ఆడపిల్లల గౌన్లకు జేబు ఉండదు, ఉన్నా పైన ఫ్లాపు కుట్టి ఊరుకుంటారు, చెయ్యి లోపలికి పోదు. ఇది అసలైన జేబు. నాన్న ప్యాంటుది, లోతైనది. అప్పటి నుంచి ఆ పిల్ల వేరే గౌను తొడుక్కోవడం లేదు. మొన్న ఉతికే ముందు జేబు దులిపితే చింతపిక్కలు, సగం నాకిన జీడి, పక్కింటివాళ్ళ మోటారు స్విచ్ మూత, నాన్న బండి తాళం బయటపడ్డాయి. తాళం కోసం ఇంట్లో అప్పటికే రెండు పూటలు గొడవ జరిగి ఉంది. గుడ్డ నాది కాబట్టి అందులో దొరికినవన్నీ నావేనని నాన్న వాదన. జేబు నాది, అడక్కుండా చెయ్యి పెట్టావని పిల్ల వాదన. కుట్టింది నేను కాబట్టి కుట్టుకూలి ఇచ్చి మాట్లాడండని తల్లి వాదన. ప్రస్తుతం తాళం తల్లి కస్టడీలో ఉంది. నాన్న నడిచి ఆఫీసుకు పోతున్నాడు, తదుపరి వాయిదా ఆదివారం.