పేరు తెలియకపోయినా పర్లేదు, నమోదు చేయండి

"పురుగుల ఫొటోలు తీసి ఏం సాధిస్తారు?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది గుత్తి సాలీడు సంగతి. నీలం రంగులో మెరిసే ఈ పెద్ద సాలీడు అనంతపురం జిల్లా గుత్తి ఊరి రైల్వే కలప డిపోలో దొరికితే, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాని గురించి రాశారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఆచూకీ లేదు. మళ్లీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. ఇన్నేళ్లలో అక్కడ పశువులు కాసేవాళ్లు, కట్టెలకు వెళ్లేవాళ్లు దాన్ని చూడకుండా ఉంటారా? చూసే ఉంటారని నా నమ్మకం. వాళ్లను అడిగిన నాథుడే లేడు. ఈలోగా అడవి తరిగిపోయి, అది అంతరించిపోయే దశకు చేరింది. మన ఊరి పేరున్న సాలీడు మనకంటే విదేశాల్లో సాలీళ్లు పెంచుకునేవాళ్లకే బాగా తెలుసు. నాకది చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు రాసిపెట్టడానికి చోటుంది. జీవుల వివరాలు ఎవరైనా నమోదు చేయగల ఐనాచురలిస్ట్ యాప్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లోనో ఫొటో, తేదీ, స్థలం పెడితే చాలు. డిగ్రీలు అక్కర్లేదు. కానీ దయచేసి యాప్ చూపించిన మొదటి పేరు నొక్కేసి వెళ్లిపోకండి. మరొకరు కూడా చూడకుండా "అవును" అంటే ఆ తప్పుకే రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకు పనికొస్తుందనే ముద్ర పడుతుంది. దాన్ని నమ్మి ఎవరో పరిశోధన చేస్తారు.

మామిడి చెట్టు మీద ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమలను చూడండి. వాటి దగ్గరే అచ్చం అలాంటి చీమే ఒకటి తిరుగుతుంటుంది. కాళ్లు లెక్కపెడితే ఎనిమిది! ముందు కాళ్లు పైకెత్తి చీమ మీసాల్లా ఆడిస్తుంది. కదిలిస్తే దారం వదిలి కిందికి వేలాడుతుంది. అది సాలీడు. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో ఇది తేలదు. పక్కనుంచి, ముఖం వైపు నుంచి కూడా తీయాలి. అప్పటికీ తేలకపోతే "సాలీడు" అని రాసి వదిలేయండి. తెలిసినంతవరకే రాయడం మంచి సర్వే.

జులై చివర్లో నేషనల్ మాత్ వీక్ వస్తుంది, అంటే రాత్రి దీపాల చుట్టూ తిరిగే సీతాకోకల్లాంటి రెక్కల పురుగులను (మాత్‌లను) గమనించే వారం. డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, ముందు ఒక బల్బు పెట్టండి. పిల్లల్ని పిలవండి. రంగుల రెక్కలవే కాదు, బూడిద రంగులో గింజంత ఉన్నవీ తీయండి, వాటినే ఎవరూ పట్టించుకోరు. తెల్లారేలోపు లైటు ఆపేసి, దుప్పటి మెల్లగా దులపండి. లేదంటే పొద్దున్నే పిట్టలు వాటిని ఏరుకు తినేస్తాయి.